తొమ్మిదో తిప్పు

...అదే వదినా, తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. నువ్వడిగి ఆరు నెలలు దాటింది, నేనేమో చెప్తా చెప్తా అంటూ నాన్చుకొచ్చాను. పెద్దత్తని ఎక్కడికీ ఎందుకు తీసుకురారు, ఆ గదిలో ఆ ఇనప మిషనేంటి, దాని మీద దుప్పటేంటి అని నువ్వు ఎన్నిసార్లడిగినా మాట మార్చేశాను. ఇవాళ ఎలాగూ మీ ఇంటికే బయల్దేరుతున్నాం. పిల్లలు బండిలో సామాన్లు సర్దుతున్నారు, వాళ్ళ సర్దుడు నీకు తెలుసుగా, అరగంటకి తక్కువుండదు. నీ మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకే ఫోన్లో చెప్పేస్తున్నా. కాస్త మొదట్నుంచీ మొదలెడతాను, విసుక్కోకు.

పెద్దత్త ఉద్యోగం చేసేరోజుల్లో కంప్యూటర్లు ఎక్కడివి. కొలతల ఆఫీసులో లెక్కల గది అని ఉండేది. కొండలెక్కి కోణాలు కొలిచినవాళ్ళు పుస్తకాల్లో రాసి పంపిస్తే, ఆ కోణాల్ని దూరాలుగా మార్చే గది. రోడ్డు ఎక్కడ తిరగాలి, కొండకి రెండు వైపుల్నుంచి తవ్వుకొచ్చే సొరంగం లోపల ఎక్కడ కలవాలి, అంతా అక్కడే తేలేది. తొమ్మిది బల్లలు, తొమ్మిది మిషన్లు, తొమ్మిదిమంది ఆడవాళ్ళు. పేర్లతో పనేం లేదక్కడ. బల్ల నంబరే పేరు. "ఏయ్ అయిదూ, ఆ రబ్బరిటివ్వవే", "రెండుకి ఇవాళ ఒంట్లో బాగాలేదట" — ఇలా ఉండేవిట వాళ్ళ మాటలు. గదికి పెద్ద మన పెద్దత్త. ఆవిడ ఒకటి.

ఆ మిషను సంగతి చెప్పాలి. కుట్టుమిషను తలకాయంత ఉంటుంది, అంతకు రెండింతలు బరువు. ముందు వరసగా చిన్న చిన్న మీటలు. ఒక్కో మీటని జరిపి మనక్కావాల్సిన అంకె దగ్గర పెట్టాలి. పక్కన హ్యాండిల్. ఒక్కసారి తిప్పితే మీటల మీద పెట్టిన నంబరు కింద ఉన్న తొమ్మిది గాజు కిటికీల్లోకి దిగుతుంది. రెండోసారి తిప్పితే అదే నంబరు దానికి కలుస్తుంది. మూడోసారికి మళ్ళీ కలుస్తుంది. అంటే ఎన్నిసార్లు తిప్పితే అన్నిరెట్లు. ఎన్ని తిప్పులయ్యాయో చెప్పడానికి పక్కన ఇంకో బుల్లి కిటికీ. చివర్లో తుడిచే మీట, అది లాగితే అన్నీ సున్నాలు.

రోజూ పొద్దున్నే పని మొదలెట్టేముందు మిషన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి కదా. దానికో నంబరుంది. 12345679. ఒకటి నుంచి తొమ్మిది దాకా వరసే, ఎనిమిది మాత్రం ఉండదు. తొమ్మిదిమందీ ఆ నంబరు పెట్టి ఒకేసారి తొమ్మిది తిప్పులు తిప్పేవాళ్ళు. తొమ్మిదో తిప్పుకి కిటికీలన్నిట్లో ఒకట్లే రావాలి. 111111111. లోపలి చక్రాల్లో ఎక్కడైనా పన్ను అరిగి ఉంటే ఒక కిటికీలో తేడా వచ్చేస్తుంది. కావాలంటే నీ ఫోన్లో కొట్టి చూసుకో, తర్వాత. ఇప్పుడొద్దు.

పెద్దత్తకి ఆ క్షణమంటే ప్రాణం. తొమ్మిది మిషన్ల మీద ఎనభై ఒక్క కిటికీలు. ఎటు చూసినా తన నంబరే.

అలాంటి గదిలోకి ఎనిమిదో బల్లకి ఒక పిల్ల వచ్చింది. ఇరవై ఏళ్ళుండవు, ఆ ఊళ్ళో నా అన్నవాళ్ళు లేరు. నోట్లో నాలుక లేనట్టుండేది గానీ చేతిలో మాత్రం ఉంది. మిగతావాళ్ళు మూడు రోజులు చేసే లెక్క మధ్యాహ్నానికి తేల్చేసేది. అక్కడ ప్రతి లెక్కా ఇద్దరు విడివిడిగా చెయ్యాలి, రెండూ సరిపోలితేనే పైకి పంపుతారు. సొరంగం లెక్కకి జంట పడింది ఒకటీ, ఎనిమిదీ. రెండూ కలవలేదు.

ఆఫీసరు ఇద్దర్నీ పిలిచి, వాళ్ళ ఎదురుగానే మూడో మనిషితో తిప్పించాడు. పిల్ల లెక్కే సరైంది. తప్పెక్కడ జరిగిందో కూడా ఆ పిల్లే వేలుపెట్టి చూపించింది.

"ఇక్కడ సార్. మేడమ్ ఒక తిప్పు ఎక్కువ తిప్పారు."

ఆఫీసరు నవ్వాడు. "ఇరవై రెండేళ్ళ సర్వీసమ్మా నీది. తిప్పులు లెక్కపెట్టుకోవడం కూడా రాకపోతే ఎలా?"

గది మొత్తం విన్నారు. ఏడో బల్లావిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అంతే. అంతకంటే ఏమీ జరగలేదు వదినా. ఎవరి ఉద్యోగమూ పోలేదు, ఎవరినీ ఎవరూ తిట్టలేదు. కానీ పెద్దత్తకి ఆ నవ్వు చెవిలో దూరిన చీమలా ఉండిపోయింది.

మర్నాడు పొద్దున మిషన్ల పరీక్ష. పెద్దత్త నిలబడి ఒక్కో అంకే చెప్పింది. "ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఏడు. తొమ్మిది." ఆగింది. "చూశారా, ఇన్నేళ్ళుగా పెడుతున్నాం, ఎవరూ గమనించలేదు. ఇందులో ఎనిమిది లేదు. లేకపోయినా లెక్కొస్తుంది. అసలు లేకపోతేనే వస్తుంది." పిల్ల వైపు తిరిగి, "నువ్వు ఎనిమిది కూడా పెట్టి తిప్పు, ఏమొస్తుందో చూద్దాం," అంది.

పిల్ల 123456789 పెట్టి తొమ్మిది తిప్పింది. కిటికీలు తొమ్మిదే కాబట్టి మొదటి ఒకటి పట్టలేదు, కనబడింది 111111101. ఒకట్ల మధ్య ఒక సున్నా, పళ్ళవరసలో ఊడిన పన్నులా.

"అదీ," అంది పెద్దత్త. "ఎనిమిది వస్తే మిగిలేది సున్నా. ఇవాళ్టి నుంచి ఈ గదిలో మనం ఎనిమిదిమందిమి. ఒకటి నుంచి ఏడు, ఆ తర్వాత తొమ్మిది."

అందరూ నవ్వారు. పిల్ల మాత్రం కిటికీల్లోకే చూస్తూ మెల్లిగా అంది. "ఎనిమిది పోలేదు మేడమ్. ఒకటిని ఎనభై ఒకటితో భాగించి చూడండి, ఈ నంబరే మళ్ళీ మళ్ళీ వస్తుంది. వరసలో తొమ్మిది తర్వాత పది రావాలి కదా. ఆ పదిలో ఒకటి పట్టక వెనక్కొచ్చి తొమ్మిది మీద పడుతుంది. తొమ్మిది పదైపోయి, తన ఒకటిని తీసుకెళ్ళి ఎనిమిది మీద పడేస్తుంది. ఆ బరువుకి ఎనిమిది తొమ్మిదిలా కనబడుతుంది, అంతే. ఉంది అక్కడే. డెబ్భై రెండు తిప్పులు తిప్పండి, బయటికొస్తుంది."

"మాకంత తీరిక లేదమ్మా," అంది పెద్దత్త, పిల్ల వైపు చూడకుండా. "ఎవరో మాట్లాడినట్టుంది. కిటికీ వెయ్యండి, గాలి."

ఆ రోజు నుంచీ ఎనిమిది లేదు. హాజరు పిలిచేటప్పుడు లేదు. మంచినీళ్ళు ఎనిమిది గ్లాసులే వచ్చేవి. ఏడు సంగతి నీకు చెప్పాలి, ఆవిడ గదికి సరదా మనిషిట. పొద్దున్నే వస్తూ, "ఈ కుర్చీ ఖాళీగానే ఉందిగా," అంటూ తన చేతిసంచి తీసుకెళ్ళి ఆ పిల్ల ఒళ్ళో పెట్టేసేది. సాయంత్రం దాకా ఆ పిల్ల ఒళ్ళో సంచితోనే హ్యాండిల్ తిప్పుకునేది. మొదట్లో ఇద్దరు ముగ్గురు ఇబ్బంది పడ్డారు. పది రోజులకి అలవాటైపోయింది. నిజంగానే కనబడటం మానేసింది వాళ్ళకి. అలవాటంత పాడుది ఇంకోటి లేదు వదినా.

ఇక అసలు సంగతి. ఆ గది చివర రికార్డుల గది ఉండేది. నిప్పంటుకున్నా కాగితాలు కాలకూడదని కిటికీ అన్నది లేకుండా కట్టిన గది. జానెడు మందం ఇనప తలుపు. లోపల పాత కాగితం, మిషన్ నూనె, తడిసిన ఇనుము, మూడూ కలిసిన వాసన. సాయంత్రం అందరూ లోపలికెళ్ళి ఎవరి పుస్తకాలు వాళ్ళ అరల్లో పెట్టి, ఒక్కొక్కళ్ళే తమ నంబరు పైకి చెప్తూ బయటికి రావాలి. పెద్దత్త గుమ్మం దగ్గర నిలబడి "ఒకటి" అని మొదలెడుతుంది. చివరి నంబరు విన్నాక "లెక్క సరిపోయింది, పదండి" అని తాళం వేస్తుంది. లోపల ఎవరూ ఉండిపోకూడదని పెట్టిన పద్ధతి అది. పెట్టింది ఆవిడే.

కరెంటు తీగలు మార్చడానికి ఆఫీసు నాలుగు రోజులు మూసేసిన సాయంత్రం. నాలుగున్నరయింది, వాన ముంచుకొస్తోంది, అందరికీ ఇంటికెళ్ళే తొందర.

"ఒకటి." "రెండు." "మూడు." "నాలుగు." "అయిదు." "ఆరు." "ఏడు." "తొమ్మిది."

తలుపు మూసింది. తాళంచెవి తిప్పింది. అప్పుడు లోపల్నుంచి వినిపించింది... దూదిలోంచి వచ్చినట్టు, చాలా చిన్నగా.

"ఎనిమిది."

ఏడు తలెత్తింది. "ఏమండీ, ఎవరో..."

పెద్దత్త తాళంచెవి సంచిలో వేసుకుంది. "లెక్క సరిపోయింది," అంది. "పదండి."

చంపాలని కాదట. ఒక గంట ఉంటే బుద్ధొస్తుందనుకుంది. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని తిరిగి వెళ్దామనుకుంది. వాన పట్టుకుంది. రాత్రి పోయింది. పొద్దున లేస్తే ఇంకో భయం పట్టుకుంది. ఇప్పుడు తెరిస్తే ఆ పిల్ల ఊరుకుంటుందా, రాత్రంతా ఉంచారని ఆఫీసరుకి చెప్పదూ. చెప్తే ఉద్యోగం ఉంటుందా. సాయంత్రం చూద్దాంలే అనుకుంది. సాయంత్రం మళ్ళీ అదే ఆలోచన. మూడో రోజుకి ఇక వెళ్ళినా వెళ్ళకపోయినా ఒకటేనని తెలిసిపోయింది. నాలుగు రోజులూ మా నాన్న వాళ్ళతో కూర్చుని నిమ్మకు నీరెత్తినట్టు అన్నం తింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నాకు జడేసింది కూడా.

అయిదో రోజు అందరికంటే ముందెళ్ళి తలుపు తీసింది.

పిల్ల అటుమూల నేలమీద కూర్చుని ఉంది. గోడకి ఒరిగి, ఒళ్ళో ఒక పాత మిషను. పక్కన పడేసిన మిషనది, హ్యాండిల్‌కి చెక్కపిడి కూడా ఊడిపోయింది. వట్టి ఇనప పుల్ల పట్టుకుని తిప్పింది ఆ చీకట్లో, మీటలు తడుముకుంటూ. చెయ్యి ఇంకా పుల్ల మీదే ఉంది. పెద్దత్త వంగి కిటికీల్లో చూసింది.

888888888.

పక్కన బుల్లి కిటికీలో, 72.

బయట ఆఫీసరు అడుగుల చప్పుడు వినిపిస్తోంది. పెద్దత్త చెయ్యి చాపి తుడిచే మీట లాగేసింది. ఆ పిల్ల ఈ లోకంలో చెప్పిన ఆఖరి మాట వదినా అది. అన్నీ సున్నాలు.

విచారణలో ఎనిమిదిమందీ ఒకటే మాట. "మేం అందరం నంబర్లు చెప్పే బయటికొచ్చాం సార్. లెక్క సరిపోయింది." ఏడు కూడా అదే చెప్పింది. పిల్ల తనకు తనే వెనక్కెళ్ళి ఉంటుందని రాసేసుకున్నారు.

ఏడాది గడిచింది. ఎనిమిదో బల్లకి ఎవరినీ వెయ్యలేదు. గోడలకి సున్నం కొట్టిస్తామని మళ్ళీ నాలుగు రోజులు మూసేశారు. మళ్ళీ సాయంత్రం. అందరూ లోపల పుస్తకాలు సర్దుతున్నారు, పెద్దత్త గుమ్మం దగ్గరుంది.

లోపల ఆ మూల నుంచి... క్ర్ర్ర్, టక్.

హ్యాండిల్ ఒక్క తిప్పు.

ఏడు వేళాకోళం చేస్తోందనుకుంది పెద్దత్త. ఇవాళ దీని సంగతి తేలుస్తానని లోపలికి నడిచింది. అరల మధ్య సందులోంచి అటుమూలకి పోయింది. అక్కడెవరూ లేరు. కింది అరలో ఆ పాత మిషను, గొంతుక్కూర్చుని చూసింది. గుమ్మంలోంచి వచ్చే వెలుతురు సన్నగా ఒక చారలా వచ్చి సరిగ్గా కిటికీల మీదే పడుతోంది.

12345679.

అదే క్షణంలో గుమ్మం దగ్గర లెక్క మొదలైంది. "ఒకటి," అని వినిపించింది.

ఆ గొంతు ఆవిడదే.

తర్వాత రెండు, మూడు, నాలుగు... ఏడు, తొమ్మిది. అందరి గొంతులూ. పెద్దత్త కేకేద్దామని నోరు తెరిచింది. హ్యాండిల్ ఆవిడ కళ్ళముందే దానంతటది లేచి, చుట్టూ తిరిగి, వచ్చి ఆగింది. క్ర్ర్ర్, టక్. 24691358.

గుమ్మం దగ్గర మళ్ళీ మొదలు. ఈసారి వరస వేరు. కిటికీల్లో ఎలా ఉందో అలాగే. "రెండు. నాలుగు. ఆరు. తొమ్మిది. ఒకటి. మూడు. అయిదు."

కాస్త ఆగి, దూదిలోంచి వచ్చినట్టు... "ఎనిమిది."

ఏడు పలకలేదు. ఆ నంబర్లో ఏడు లేదు.

 పెద్దత్త లెక్కల మనిషి కదా, కళ్ళు కిటికీల మీంచి తిప్పుకోలేకపోయింది. తొమ్మిది తిప్పులూ అయ్యేదాకా మిషను దగ్గర్నుంచి లేవకూడదని రూలు పెట్టింది తనే. మూడో తిప్పు, 37037037. "మూడు. ఏడు." తర్వాత సున్నా దగ్గర ఎవరో ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు. మళ్ళీ మూడు, ఏడు, ఊపిరి. నాలుగో తిప్పుకి అయిదు పలకలేదు. అయిదో తిప్పుకి నాలుగు పలకలేదు. అప్పుడర్థమైంది ఆవిడకి. తిప్పు తిప్పుకీ ఒకళ్ళు తగ్గుతున్నారు. పై నుంచి కిందికి. ఏడు పోయింది, అయిదు పోయింది, నాలుగు పోయింది. ఎటు వస్తోందో వేరే చెప్పాలా. పైగా మొదటి, మూడో, ఆరో తిప్పుల్లో తప్ప, ప్రతిసారీ ఎనిమిది పలుకుతూనే ఉంది. పలికిన ప్రతిసారీ కాస్త దగ్గర్నుంచి.

ఏడో తిప్పు. 86419753. రెండు పలకలేదు.

లేచి పరిగెత్తింది.

పది అడుగుల దూరం. అరలు రెండు వైపులా భుజాలకి తగులుతున్నాయి. కాగితం వాసన, నూనె వాసన, ఇనుము వాసన... వెనక, క్ర్ర్ర్. గుమ్మంలో వెలుతురు కనబడుతోంది. ఆ వెలుతుర్లో వరసగా వీపులు వెళ్ళిపోతున్నాయి. టక్.

"తొమ్మిది. ఎనిమిది. ఏడు. ఆరు. అయిదు. నాలుగు. మూడు. రెండు."

98765432. అందరూ ఉన్నారు. ఎనిమిది కూడా ఉంది. తిరగేసిన వరస. ఒక్కటి మాత్రం లేదు.

"నేనున్నాను," అంది పెద్దత్త. "ఆగండే, లోపల నేనున్నాను. ఒకటి. ఒకటి."

తలుపు మూసుకుంటోంది. ఆ సందులోంచి ఏడు గొంతు వినిపించింది. "ఏమండీ, ఎవరో పిలిచినట్టు లేదూ?"

దానికి జవాబు చెప్పింది పెద్దత్త గొంతే. బయటి నుంచి. తాపీగా.

"లెక్క సరిపోయింది. పదండి."

తాళం పడింది.

చీకటి.  కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. అరచేతులు తలుపు మీద పెట్టి నిలబడింది. చాలాసేపు ఏమీ జరగలేదు. అయిపోయిందేమో అనుకుంది...

క్ర్ర్ర్. టక్.

తొమ్మిదో తిప్పు.

"ఒకటి," అన్నారు ఎవరో, ఆవిడ ఎడమ చెవి పక్కన. "ఒకటి," అన్నారు నేలమీంచి. "ఒకటి," అన్నారు పై అరలోంచి. తొమ్మిది చోట్ల నుంచి తొమ్మిదిసార్లు. అన్నీ ఆవిడ గొంతే. అన్నీ బతిమాలుతున్నాయి.

నాలుగు రోజుల తర్వాత తలుపు తీశారు. బతికే ఉంది. ఆ గదిలో గాలి ఒక్క రోజుకి కూడా చాలదు, నీళ్ళ చుక్క లేదు, ఎలా బతికిందని డాక్టరే బుర్ర గోక్కున్నాడు. పెదాలు తడిగా ఉన్నాయట కూడా. మిగతా ఏడుగురూ ఒట్టేసి చెప్పారు, ఆవిడ తాళం వేసి తమతోనే గేటు దాకా వచ్చిందని, ఎప్పట్లాగే ముందు నడిచిందని, గొడుగు వేసుకుందని. ఒక్కసారీ వెనక్కి తిరగలేదని.

ఇదంతా పెద్దత్త నాకు ఒకే ఒక్కసారి చెప్పింది, అమ్మ పోయిన ఏడాది. ఎలా బతికావు అత్తా అనడిగాను. "బతకలేదే," అంది. "ఆ పిల్ల నన్ను చావనివ్వలేదు. ఇంకా అరవై మూడున్నాయంది."

ఆఫీసు ఆ పాత మిషన్లు పారేస్తుంటే ఆ మిషను తనే అడిగి తెచ్చుకుంది. వేరేవాళ్ళ చేతిలో పడితే తుడిచే మీట లాగేస్తారని భయం. లాగితే మళ్ళీ మొదటికొస్తుందట. అప్పట్నుంచీ జరిగేదేంటంటే వదినా, ఎక్కడైనా ఎవరైనా ఆవిణ్ణి లెక్కలో వదిలేస్తే ఆ హ్యాండిల్ ఒక్క తిప్పు తిరుగుతుంది. అన్నయ్య పెళ్ళికి ఫొటోకి అందర్నీ పిలిచి ఆవిణ్ణి పిలవడం మర్చిపోయాం, గుర్తుందా. ఇంటికొచ్చి చూస్తే ఒకటి పెరిగింది. పళ్ళేలు ఒకటి తక్కువ పెడితే తిరుగుతుంది. నలభై మూడేళ్ళలో ఇంట్లో ఒక ముసలావిణ్ణి ఎన్నిసార్లు మర్చిపోతారంటావ్? నేను లెక్కపెట్టాను. అరవై రెండుసార్లు. నిన్న దుప్పటి తీసి చూశా. బుల్లి కిటికీలో 71. కింద 876543209. చూశావా, అన్ని అంకెలూ ఉన్నాయి, సున్నాతో సహా. ఒకటి లేదు.

ఇప్పుడు నువ్వు నన్ను తిట్టేదేంటో నాకు తెలుసు. అలాంటప్పుడు నాలుగు రోజులు ఆవిణ్ణి ఒక్కదాన్నే వదిలి ఎలా వస్తున్నావే అంటావు. ఏం చెయ్యను. బండిలో ఎనిమిది సీట్లు. ఆయనా నేనూ, పిల్లలిద్దరూ, మరిది వాళ్ళు నలుగురూ, సరిగ్గా ఎనిమిదిమందిమి. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషిని ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టుకోను? నీళ్ళు పెట్టాను, పళ్ళు పెట్టాను. గొళ్ళెం బయట పెట్టాల్సొచ్చింది, లేకపోతే వీధిలోకి పోతుంది. నాలుగు రోజులేగా. నిజం చెప్పాలంటే వదినా... ఇన్నేళ్ళు చేశాను. ఇంకొక్క తిప్పేగా మిగిలింది. అదేదో అయిపోతే ఆవిడకీ సుఖం, మాకూ సుఖం. పాపమా? ఏమో. పొద్దున గది తలుపు వేస్తుంటే అడిగింది, "నన్ను లెక్కపెట్టావా?" అని. పెట్టానత్తా అన్నాను.

ఉండు, ఏదో చప్పుడు... ఆ గదిలోంచే. తిరిగింది వదినా. ఒక్కటే తిప్పు. ఇప్పుడు నేను వెళ్ళి చూడను, నాకేం పనిలేదు. నేను హాల్లోనే ఉన్నా, చెప్పులు వేసుకుంటున్నా.

అదిగో, మా అమ్మాయి బయట్నుంచి అరుస్తోంది. "నాన్నా, అందరూ ఎక్కేశారు, ఎనిమిదిమందీ. లెక్క సరిపోయింది, తాళం వేసేస్తున్నా" అంటోంది.

ఎనిమిదిమందేంటే, నేనింకా లోపలే ఉంటే... ఏయ్, తాళం తియ్యి. వదినా, ఒక్క నిమిషం